తలుపు ఎటు తెరుచుకుంటుంది

స్టేజి పక్కన, తీగల చుట్టలు దాచుకునే ఇనప పెట్టె మీద కూర్చుని, ఆమె తన రెండు అరచేతుల్నీ తొడల మీద బోర్లించి పెట్టుకుంది, వణుకుతున్నాయి మరి, ఇన్నేళ్ళుగా చేతుల భాషకీ నోటి భాషకీ మధ్య దుబాసీగా బతుకుతూ కోర్టులో వణకలేదు, ఆపరేషను గది బయట వణకలేదు, వినపడని మొగుడూ పెళ్ళాలిద్దరు విడాకుల లాయరు ముందు ఒకరినొకరు చేతులతో తిట్టుకుంటుంటే ఆ తిట్లన్నిటినీ పొల్లుపోకుండా నోటితో అప్పజెప్పినప్పుడు కూడా వణకలేదు, ఇప్పుడు నాలుగు నిమిషాల పాటకి వణుకుతున్నాయి. ఆ పాట అన్నిటికంటే చివర. ఇంకా గంట ఉంది. అంతదాకా పాటలన్నీ చేతులతో చెప్పేది జోడీదారు, తనలాగే దుబాసి, పొడుగ్గా సన్నగా ఉంటాడని అందరూ నిచ్చెన అని పిలిచే మనిషి, అదిగో, స్టేజి అంచున వేసిన చిన్న బల్ల మీద నిలబడి, నల్ల చొక్కాలో, డ్రమ్ముల దెబ్బకి భుజాలు ఎగరేస్తూ, గిటారు మెలిక తిరిగినప్పుడు నడుముతో సహా మెలిక తిరుగుతూ, చెమటతో మెరిసిపోతున్నాడు. అతనికేం, అతని పాటలన్నీ నిన్ను ప్రేమిస్తున్నాను, నన్ను వదిలేశావు, బండి వేగంగా పోనీ, అంతే కదా. ఎండ ఇంకా మైదానం మీదే ఉంది, ఏటవాలుగా, పసుప్పచ్చగా. బల్లకి ఎదురుగా వినపడని వాళ్ళ కోసం కంచె కట్టి, నేల మీద చెక్కలు పరిచారు, డ్రమ్ము చప్పుడు చెక్కల్లోంచి అరికాళ్ళకి ఎక్కుతుందని. ఒక్కొక్కరూ ఒక్కో రబ్బరు బుడగ గుండెకి ఆనించి పట్టుకున్నారు, లోతు స్వరాలు బుడగలోంచి పక్కటెముకలకి తెలుస్తాయట. మొదటి వరసలో అక్క. బుడగని చంకలో పెట్టుకుని, సంతలో పుచ్చకాయ కొన్న మనిషిలాగా.

అక్క రానంటే బాగుండేదని ఒక పక్క, రాకపోతే తను అసలు ఈ పని ఒప్పుకునేదే కాదని ఇంకో పక్క. మొన్న వంటింట్లో అక్క చేతులు అన్న మాట కళ్ళ ముందే వేలాడుతోంది: నువ్వు ఆ పాటని ఏడుపు పాట చేస్తే లేచి ఇంటికెళ్ళిపోతాను. నవ్వుతూనే అంది. కానీ అక్క నవ్వుతూ అన్న మాటలే జరుగుతాయి, కోపంగా అన్నవి మర్నాటికి మర్చిపోతుంది.

ఆ పాట ఎలా మొదలవుతుందంటే, అందరికీ నోటికొచ్చిందే, ముప్పై ఏళ్ళుగా బస్సుల్లో, మంగలి కొట్లలో, తాగినవాళ్ళ గొంతుల్లో నలిగిందే: చెప్పులు చేతపట్టి మెట్లు దిగిన చప్పుడు, పిలవలేదు, ఆపలేదు, దీపం ఆర్పలేదు, తలుపు తెరిచే ఉంది, తెరిచే ఉంది. అంతే. ఎవరు దిగారు? పిలవంది ఎవరు? మన మాటలో ఈ సుఖం ఉంది, లేదు అనేశామంటే ఎవరన్నది చెప్పనక్కర్లేదు, నేను పిలవలేదు, నువ్వు పిలవలేదు, వాళ్ళు పిలవలేదు, అన్నిటికీ ఒకటే లేదు. పాడేవాడు ఆ లేదు వెనక హాయిగా దాక్కుంటాడు, వినేవాడు తనక్కావలసినవాణ్ణి అందులో కూర్చోబెట్టుకుంటాడు. చేతులకి ఆ సుఖం లేదు. చేతులతో తలుపు చెప్పాలంటే రెండు అరచేతులు పక్కపక్కన నిలబెట్టి ఒకదాన్ని తెరవాలి, తెరిచేముందు తను ఎక్కడుందో తేల్చుకోవాలి, లోపలా, గుమ్మంలోనా, బయటా. వెళ్ళేది వేరే మనిషైతే రెండు వేళ్ళు కాళ్ళలాగా నడిచి దూరమవుతాయి, తను లోపలే నిలబడి కళ్ళతో సాగనంపాలి. వెళ్ళేది తనే అయితే ఒంటితో ముందుకి అడుగేయాలి. ముఖమే సగం భాష, కనుబొమ్మ కాస్త దిగితే దుఃఖం, కాస్త లేస్తే పండగ. దాక్కోవడానికి గోడ చాటైనా లేదు. ఆ కంచెలోని రెండు వందల మందికి ఈ పాట ఎలా ఉంటుందన్నది ఇవాళ ఈ తొడల మీది చేతులు ఎలా చెబితే అలా. వేరే పాట వాళ్ళకి లేదు.

అందుకే కనపడ్డవాళ్ళందరినీ అడిగింది ఈ నెలంతా. ప్రియుడితో లేచిపోయిన పిల్ల పాట అంది పక్కింటావిడ, గొంతు తగ్గించి, తన సంగతే చెబుతున్నట్టు. ప్రాణం పోవడం గురించి అన్నాడు మందుల షాపు ముసలాయన, దీపం అంటే ఇంకేమిటమ్మా, ఒళ్ళు ఇల్లు, ప్రాణం మెట్లు దిగింది. ఆఫీసు గేటు దగ్గరి కాపలా మనిషైతే ఆలోచించను కూడా లేదు, చెప్పులు చేతపట్టుకుని మెట్లు దిగేది దొంగ కాక ఇంకెవరండీ అన్నాడు, అతని ఉద్యోగం అతని చేత అనిపించింది. అమ్మ బతికుండగా రేడియోలో ఈ పాట వచ్చినప్పుడల్లా ఒకటే అనేది, పోతే పోయారు, తలుపు దగ్గరికి వేసుకోవాలన్న జ్ఞానం ఉండక్కర్లేదూ అని. అదీ ఒక అర్థమే. అమ్మకి అన్ని పాటలూ ఇల్లు సర్దుకోవడం గురించే.

పొద్దున ధైర్యం చేసి పాడేవాణ్ణే అడిగింది. తెర వెనక ప్లాస్టిక్ కుర్చీలో, మెడ చుట్టూ తువ్వాలుతో, గోరువెచ్చటి నీళ్ళు పుక్కిలిస్తున్నాడు పెద్దాయన, కుర్రతనంలో సింహం జూలులా ఉండేదట జుట్టు, ఇప్పుడు చెవుల మీద రెండు దూదిపింజలు. మెట్లు దిగింది ఎవరండీ అని అడిగితే నీళ్ళు ఉమ్మేసి, ఆమె చేతుల వంక ఒకసారి చూసి, నిజం చెబితే ఎవరికీ చెప్పరు కదా అన్నాడు. చెప్పనంది. మొదట తలుపు మూసే ఉంది అని రాశాడట. మూ అంటే పెదాలు మూసుకుపోయి గొంతు పై స్వరం అందుకోలేకపోయిందట, రికార్డింగు గది అద్దె ఎక్కిపోతోందని బేసు గిటారు వాడు గోల పెడుతుంటే, తెరిచే అని పాడి చూశాడట, గొంతు తెరుచుకుంది. "అంతేనమ్మా. గొంతు కోసం తెరిచాను తలుపు. ఆ తర్వాత జనం ఏ అర్థం చెప్పినా, అవును నా మనసులోదీ అదే అంటూ వచ్చాను. అబద్ధం కాదు, చెప్పాక నాకూ అలాగే అనిపించేది." తర్వాత తువ్వాలు కొస నలుపుతూ, మీరేమనుకుంటున్నారు అని అడిగాడు, పరీక్ష పెట్టేవాడిలా కాదు, దారి తప్పినవాడు దారినపోయేవాళ్ళని అడిగినట్టు. ఆమె నవ్వేసి వచ్చేసింది. దేవుణ్ణి అడుగుదామని వెళ్తే ఆయనే వరసలో మన వెనక నిలబడ్డట్టుంది.

స్టేజి చెక్కల మీదుగా డ్రమ్ము దెబ్బ పెట్టెలోకి, పెట్టెలోంచి తుంటి ఎముకలోకి ఎక్కుతోంది. ఇలాగే ఉండేదేమో అక్కకి. మేనమామ ఎక్కడినుంచో తెచ్చి పడేసిన పెద్ద స్పీకరు, నడుమెత్తు చెక్కపెట్టె, అక్క దాన్ని రెండు చేతులా కావలించుకుని చెంప ఆనించి నిలబడేది, ఒక్కోసారి చెక్కని పళ్ళతో కరిచి పట్టుకునేది, అమ్మ చూసి ఎలక అనేది. అన్ని పాటలకీ కాదు. ఈ పాటకే, మొదట్లో బేసు గిటారు ఒక్కటే మెట్లు దిగినట్టు దిగుతుంది చూడు, అక్కడ అక్క కళ్ళు పెద్దవై, కిలకిలా నవ్వేది, తన నవ్వు తనకి వినపడదు గనక ఎంతమాత్రం సర్దుకోని నవ్వు. ఇంట్లో అక్కతో ఎవరికీ మాటల్లేవు. ప్రేమలుండేవి, ముద్దలుండేవి, మాటల్లేవు. ఆకలికి పొట్ట తట్టడం, నిద్రకి తల వంచడం, వద్దుకి చెంపదెబ్బంత గట్టిగా చెయ్యి ఊపడం, అంతే ఇంట్లో భాష. మధ్యలో తను, నడక రాగానే అక్క వెనకాలే తిరిగి అక్క కనుబొమ్మలు చదవడం నేర్చేసుకుంది, అక్కకి కడుపునొప్పి అమ్మా, అక్కకి ఆ గౌను వద్దట నాన్నా. నాన్న ముచ్చటపడి మా దుబాసి అనేవాడు, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. పొట్టి జడలు, ముందు పన్ను లేదు, దుబాసి.

ఆ తర్వాత ఆ పొద్దున. ఎప్పుడు ఈ పాట విన్నా తనకి ఆ పొద్దునే. అక్కకి తొమ్మిదేళ్ళు, తనకి ఆరు. వినపడని పిల్లల బడి ఊరికి ఆ చివరెక్కడో ఉంది, అక్కడే ఉండి చదువుకోవాలి. వీధిలో వ్యాను ఆగింది. నాన్న రేకు పెట్టె భుజాన పెట్టుకుని మెట్లు దిగుతున్నాడు, అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు, కొళాయి తిప్పి వదిలేసింది, ఆ నీళ్ళ చప్పుడులో ఏడిస్తే వినపడదని. తను గుమ్మం పక్క గోడకి వీపు ఆనించి నిలబడింది, అక్క తన వంక చూస్తుంది, చూస్తే ఏదో ఒకటి చెప్పాలి, చేతులు సిద్ధంగా పెట్టుకుంది. అక్క తలుపు తీసింది. తీసి గుమ్మంలో ఆగింది. ఆగి, వెనక్కి తిరక్కుండా దిగిపోయింది. ఒక్కసారైనా తిరగలేదు. తలుపు అలాగే ఉంది, బోలెడు వెలుతురు లోపలికి వచ్చి పడింది, తను ఆ వెలుతురులో నిలబడి చేతులు దించుకుంది. కోపం వచ్చిందనుకుంది అక్కకి. తనని ఇంట్లోంచి పంపేస్తున్నారని, చెల్లెల్ని ఉంచుకుని తనని పంపేస్తున్నారని. వినపడే పిల్లని ఉంచుకున్నారు. ఆ మాట ఎవరూ అనలేదు, అనకపోబట్టే అంత గట్టిగా వినపడింది. పిలవలేదు, ఆపలేదు. ఆ లేదులో కూర్చున్నది తనే, ఆరేళ్ళ తను.

బతుకంతా దాని చుట్టూనే తిప్పుకుందేమో. పెద్దయ్యాక చేతుల భాష శాస్త్రంగా నేర్చుకుంది, దుబాసీ ఉద్యోగం వెతుక్కుంది, అక్క వెళ్ళాల్సిన ప్రతి చోటికీ ముందు తను తయారు, బ్యాంకుకి, డాక్టరుకి, అద్దె ఇంటివాళ్ళ దగ్గరికి. అక్క కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పనిలో చేరితే యజమానితో తనే మాట్లాడింది, అక్క జీతం పెంచమని అడగడానికి తనే వెళ్ళబోతే, ఆయనకి నేను కాయితం మీద రాసి చూపిస్తాలే, నువ్వు కూర్చో అంది అక్క. తనకి కష్టం కలిగింది. జాలికి చోటు దొరక్కపోతే ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు కొందరికి, చేతిలో తడి గొడుగులాగా పట్టుకు తిరుగుతారు.

మొన్న అక్క వంటింట్లో సాధన. గట్టు మీద ఉల్లిపాయలు తరిగినవి తరిగినట్టే ఉన్నాయి. తను పాట చేసి చూపించింది, నెల రోజులుగా తీర్చిదిద్దినది: లోపల నిలబడి, రెండు వేళ్ళు మెల్లగా దూరమవుతూ, కళ్ళు వాటి వెంట, తలుపు అలాగే ఉండిపోయి, భుజాలు జారి. బాగా చేసింది, తనకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క గరిటె పట్టుకుని చూసి, చూసి, ఎవరు చచ్చిపోయారు అని అడిగింది. తను నవ్వలేదు. ఇది నీ పాటే, నువ్వు వెళ్ళిపోయిన రోజు, అంది చేతులతో, ఇన్నేళ్ళకి మొదటిసారి. అక్క గరిటె కింద పెట్టింది.

"నేనెందుకు తిరగలేదో తెలుసా నీకు?"

"కోపమొచ్చి."

అక్క చెల్లెలి ముఖంలోకి చూసింది, తను రోజూ అరగదీసే అద్దాన్ని వెలుతురుకి ఎత్తి చూసినట్టు. తర్వాత చెప్పింది. తలుపు తీశాను, వ్యాను కిటికీలో ఇద్దరు పిల్లలు. ఒకత్తి వేళ్ళు ఆడిస్తోంది. రెండోది చూసి నవ్వుతోంది. మళ్ళీ అది ఆడిస్తోంది, ఇది నవ్వుతోంది. నాకు ముందు అర్థం కాలేదు, ఆటనుకున్నాను. గుమ్మంలో నిలబడిపోయాను. అప్పుడు తెలిసింది, అది దానికి ఏదో చెప్తోంది. పొట్ట తట్టడం కాదు, తల వంచడం కాదు, ఏదో చెప్తోంది, నిన్న జరిగింది, రేపు జరగబోయేది, అలాంటిది. మీరందరూ పెదాలతో చేసుకునేది చేతులతో కూడా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. "చూపు తిప్పితే మాయమైపోతారేమోనని భయమేసింది. అందుకే తిరగలేదు. నువ్వు అక్కడ ఉన్నావని కూడా గుర్తులేదే." ఆ చివరి మాట చెప్పేటప్పుడు అక్క చేతులు నెమ్మదించాయి, నొప్పి కలుగుతుందని తెలిసి నెమ్మదించాయి. తర్వాత ఉల్లిపాయలు బాణలిలో వేసి, చెయ్యి తుడుచుకుని, ఆ ఏడుపు పాట సంగతి అంది.

నువ్వు అక్కడ ఉన్నావని కూడా గుర్తులేదు. రెండు రాత్రులు ఆ మాట గుచ్చుకుంది. మూడోనాడు స్నానం చేస్తూ ఉండగా, సబ్బు నురగలో, ఎందుకో నవ్వొచ్చింది. ఏడవని మనిషి కోసం ఇన్నేళ్ళు ఏడ్చింది తను, ఎవరో దిగి వెళ్ళిపోయిన స్టేషనులో సామాను కాస్తూ కూర్చున్నట్టు. కానీ నవ్వొచ్చినంత మాత్రాన చేతులు మారవు. నెల రోజులు నేర్పినవి అవి, తొందరగా మర్చిపోవు. అక్క పాట చేద్దామంటే, కిటికీలో పిల్లల్ని తను చూడలేదు కదా, చూడనిదాన్ని ముఖం మీదికి ఎలా తెచ్చుకోవాలి, నటిస్తే వీళ్ళు క్షణంలో పట్టేస్తారు, గొంతుని నమ్మేవాళ్ళని మోసం చేయొచ్చు గానీ ముఖాన్ని చదివేవాళ్ళని చేయలేం. మరి తన పాటే చేస్తే? అబద్ధం కాదు. ఆరేళ్ళ పిల్ల దుఃఖం అబద్ధమేం కాదు. కానీ అక్క లేచి వెళ్ళిపోతుంది.

చప్పట్లు. కంచెలో అయితే చేతులన్నీ పైకి లేచి ఆకుల్లా ఆడాయి, వాళ్ళ చప్పట్లు అవే. నిచ్చెన బల్ల దిగి వచ్చి పెట్టె మీద కూలబడ్డాడు, సీసా నీళ్ళు నెత్తిన పోసుకుని, మీదేనండీ ఇక, అన్నాడు. లేచింది. ఏ తలుపో తేల్చుకున్నారా అని అడిగాడు, నెల రోజులుగా అతనికీ ఈ గోల తెలుసు. లేదంది. "పోనీండి, అక్కడ నిలబడ్డాక తలుపే చెప్తుంది," అన్నాడు, చొక్కా పిండుకుంటూ. సరదాకి అన్నాడో ఏమో.

బల్ల ఎక్కింది. ఎండ సూటిగా కళ్ళలో పడింది, ఒక్క క్షణం ఎవరూ కనపడలేదు. చెవిలో పెట్టుకున్న చిన్న బిళ్ళలో పెద్దాయన ఊపిరి పీల్చుకోవడం వినపడింది, ఇంత దగ్గరగా, పక్కన పడుకున్న మనిషి ఊపిరిలా. బేసు గిటారు ఒక్కటే మొదలుపెట్టింది, మెట్టు తర్వాత మెట్టు. కంచెలో బుడగలు వణికాయి. చెప్పులు చేతపట్టి, చేతులు వాటంతటవే చెప్పులు ఎత్తుకున్నాయి. మెట్లు దిగిన చప్పుడు, చప్పుడుని అరికాలితో చెప్పింది, చల్లటి మెట్టు, మడమ ఆనకుండా వేళ్ళు. పిలవలేదు. రెండు వేళ్ళు దూరం నడవాల్సింది ఇక్కడే, నెల రోజులు నేర్పింది ఇక్కడే. ఆపలేదు. దీపం ఆర్పలేదు. వేళ్ళు నడవలేదు. ఎందుకో నడవలేదు, కాళ్ళే నడిచాయి, బల్ల అంచు దాకా, తనే తలుపు ముందు నిలబడి ఉంది, ఇంకా మూసి ఉన్న రెండు అరచేతుల వెనక. చెవిలో ముసలి గొంతు పగుళ్ళతో పైకెక్కి తె అంది, తెరుచుకుంది, ఆమె తలుపుని తన ఒంటివైపు లాగింది.

ఎదురుగా జనం. ఎండ కాస్త పక్కకి తప్పుకుంది, అందరూ కనపడ్డారు. ఒక నాన్న భుజాల మీది పిల్ల కింద ఉన్న తల్లికి ఏదో చెబుతోంది, తల్లి నవ్వుతోంది. ఒక ముసలాయన పక్కవాడి భుజం తట్టి పిలిచి వేళ్ళు ఆడిస్తున్నాడు. వెనక వరసల్లో ఇద్దరు కుర్రాళ్ళు ఈ పాట గురించే కాబోలు వాదించుకుంటున్నారు, ఒకడు తలుపు ఇటు లాగుతాడు, ఇంకొకడు అటు తోస్తాడు. ఎక్కడ చూసినా చేతులు, చెబుతున్నవి, కోతలు కోస్తున్నవి, దెప్పుతున్నవి, పాడుతున్నవి, అంచెలంచెలుగా కంచెలో చివరి వరస దాకా. ఇన్నేళ్ళూ వాళ్ళ మధ్యనే తిరిగింది, ఒకరి తర్వాత ఒకరికి, లాయరు పక్కనా డాక్టరు పక్కనా కూర్చుని. ఇలా ఒక గుమ్మంలో నిలబడి ఎప్పుడూ చూడలేదు. ఇదా. ఇదన్నమాట. ఇది చూస్తే ఎవరు మాత్రం వెనక్కి తిరుగుతారు. గోడ పక్కన ఆరేళ్ళ పిల్ల ఉంది, ఉండనీ, దాని మీద కూడా ఈ వెలుతురే పడుతోంది. తన ముఖం ఏం చేస్తోందో తనకి తెలియలేదు, కనుబొమ్మలు ఎక్కడున్నాయో చూసుకోలేదు. తెరిచే ఉంది, చేతులు చెప్పాయి, తెరిచే ఉంది. డ్రమ్ములు అప్పుడు అందుకున్నాయి, కంచెలో ఒకరి తర్వాత ఒకరు తలుపులు తెరవడం మొదలుపెట్టారు.

అక్క లేవలేదు. బుడగని పక్కామె చేతిలో కుక్కి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని, కనుబొమ్మలు ముడిచి చెల్లెలి వంక చూస్తోంది. ఏదో తప్పు పట్టబోయే ముఖమే అది, చిన్నప్పటినుంచీ చదివిన ముఖం. అక్క చేతులు లేచాయి.

"ఇంకా పైకెత్తి చెయ్యవే. వెనకవాళ్ళకి కనపడట్లేదు."

ఆమె చేతులు ఇంకా పైకెత్తింది.